పెన్‌డ్రైవ్ పెడితే కనపడట్లేదా? ముందు అది ఏ గుమ్మం దగ్గర ఆగిందో చూడండి

మొన్న మా పిన్ని గాజుల పెట్టెలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టింది. చెల్లి పెళ్లి వీడియో, ఫొటోలు మొత్తం అందులోనే ఉన్నాయట. టీవీకి పెడితే రావట్లేదు, లాప్‌టాప్‌కి పెట్టినా రావట్లేదు. వీధి చివర కంప్యూటర్ షాపు కుర్రాడికి చూపిస్తే "ఫార్మాట్ కొడితే సెట్ అయిపోద్ది ఆంటీ" అన్నాడట. ఫార్మాట్ అంటే పెన్‌డ్రైవ్‌ని చెరిపి ఖాళీగా సిద్ధం చేయడమని పిన్నికి తెలీదు. కానీ ఆ "కొడితే" అన్న మాట నచ్చక పెన్‌డ్రైవ్ లాక్కుని వచ్చేసింది. పెళ్లి వీడియో మిగిలిందంటే అందుకే.

నా లాప్‌టాప్‌కి పెట్టగానే పెన్‌డ్రైవ్ లైటు వెలిగింది. కాసేపటికి కింద కుడి మూలన మెసేజ్ వచ్చింది: 'యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్'. ఈ మాట నెట్‌లో కొట్టి చూడండి, సలహాలు కుప్పలుగా వస్తాయి. డ్రైవర్ (పెన్‌డ్రైవ్‌తో మాట్లాడటానికి విండోస్ వాడే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేయండి, రీస్టార్ట్ చేయండి, వైరస్ స్కాన్ పెట్టండి, ఏదీ కుదరకపోతే ఫార్మాట్ చేయండి. ఇవన్నీ ఎప్పుడో ఒకసారి ఎవరికో ఒకరికి పనిచేసినవే. చిక్కల్లా "గుర్తించట్లేదు" అన్నది ఒక జబ్బు పేరు కాకపోవడం. అది "ఒంట్లో బాగోలేదు" అన్నట్టుంటుంది. జలుబుకీ అదే మాట, గుండెనొప్పికీ అదే మాట.

పెన్‌డ్రైవ్ పెట్టిన క్షణం నుంచి స్క్రీన్ మీద ఫోల్డర్ తెరుచుకునే దాకా చాలా పనులు వరసగా జరుగుతాయి. కరెంటు అందాలి. కంప్యూటర్‌తో పరిచయం జరగాలి. లోపలి చిప్ తన మెమరీని తాను చదువుకోగలగాలి. ఆ మెమరీ మీద పార్టిషన్, అంటే ఫైళ్ల కోసం గీసిన భాగం, కనపడాలి. పార్టిషన్‌లోని ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పద్ధతి, కంప్యూటర్‌కి అర్థం కావాలి. చివరగా విండోస్ దానికి పేరుగా E, F, G లాంటి ఒక అక్షరం ఇవ్వాలి. ఒక్కో గుమ్మం దాటితేనే తర్వాతిది. ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా మందు వేయడం వల్లే డేటా పోతుంది.

లైటు వెలిగినంత మాత్రాన

పెన్‌డ్రైవ్ మూత తీసి మూతిలోకి చూడండి. యూఎస్‌బీ 2.0 రకమైతే బంగారు రంగు పట్టీలు నాలుగు కనిపిస్తాయి. రెండు చివర్లా ఉన్నవి కరెంటువి: ఒకటి 5 వోల్టులు, ఇంకోటి గ్రౌండ్. మధ్యలో రెండు డేటావి: డీ ప్లస్, డీ మైనస్. పరీక్షగా చూస్తే చివరి రెండూ మధ్యవాటి కంటే కాస్త పొడవుంటాయి. ముందు కరెంటు అందాలి, ఆ తర్వాతే మాటలు మొదలవ్వాలి. అందుకే అలా చేశారు.

కరెంటు అందిన పెన్‌డ్రైవ్ డీ ప్లస్ తీగని ఒక చిన్న రెసిస్టర్ ద్వారా 3.3 వోల్టుల వైపు లాగుతుంది. క్లాసులో పిల్లాడు చెయ్యెత్తినట్టు అనుకోండి. కంప్యూటర్ ఆ చెయ్యి చూసి, ఒకసారి రీసెట్ చేసి, "నువ్వెవరు?" అని అడుగుతుంది. జవాబుగా పెన్‌డ్రైవ్ 18 బైట్ల చీటీ ఒకటి పంపాలి. దాన్నే డివైస్ డిస్క్రిప్టర్ అంటారు. తయారీదారు నంబరు, మోడల్ నంబరు అందులోనే ఉంటాయి. ఈ పరిచయంలోనే కంప్యూటర్ దానికి 1 నుంచి 127 లోపు ఒక అడ్రస్ ఇస్తుంది. ఇదంతా కుదిరాకే విండోస్ "ఇది స్టోరేజ్ సరుకు" అని తేల్చుకుని తగిన డ్రైవర్ తగిలిస్తుంది.

ఇప్పుడు పిన్ని పెన్‌డ్రైవ్ చూద్దాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరిచాను. 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్', పక్కన బ్రాకెట్లో 'డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్', లోపల కోడ్ 43. అంటే చెయ్యెత్తింది కానీ పేరు చెప్పలేకపోతోంది. లైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు తీగలు బాగానే ఉన్నాయి. చెయ్యెత్తింది కాబట్టి డీ ప్లస్ కూడా బాగున్నట్టే. ఇక మిగిలింది డీ మైనస్, కాదంటే లోపలి చిప్. డీ ప్లస్సే తెగిపోయి ఉంటే సాధారణంగా మెసేజ్ కూడా రాదు. లైటు వెలుగుతుంది, సిస్టమ్‌కి మాత్రం అసలేమీ పెట్టనట్టే ఉంటుంది.

ప్లాస్టిక్ గూడు ఊడదీసి భూతద్దంలో చూశాను. మూతి ఇనప గొట్టం ఒక పక్కకి కొంచెం ఒరిగి ఉంది. బోర్డుకి అతికిన నాలుగు సోల్డర్ చుక్కల్లో మూడు నున్నగా మెరుస్తున్నాయి. నాలుగో దాని చుట్టూ వెంట్రుకంత నల్లటి గీత. అదే డీ మైనస్. మొబైల్ రిపేర్ షాపులో సన్న మొన ఉన్న ఐరన్‌తో ఒక్క చుక్క పెట్టించాను. రెండు నిమిషాల పని. ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. ఆ మూతి ఎందుకు వంగిందన్నది వేరే కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అన్నిసార్లూ గూడు ఊడదీయక్కర్లేదు. ఈ గుమ్మం దగ్గర ఆగినవాటిలో తప్పు పెన్‌డ్రైవ్‌ది కాక పోర్టుదే కావడం మామూలే. అందుకే మొదటి పరీక్ష వేరే పోర్టు, రెండో పరీక్ష వేరే కంప్యూటర్. మనవాళ్లు సీపీయూ అని పిలిచే ఆ డబ్బాకి ముందు వైపున్న పోర్టులు సన్న కేబుల్ ద్వారా మదర్‌బోర్డుకి వెళ్తాయి. ఆ కేబుల్ వదులైనా, పోర్టులో దుమ్ము చేరినా తంటానే. వెనక వైపు పోర్టులు నేరుగా బోర్డు మీదే ఉంటాయి కాబట్టి అక్కడ పెట్టి చూడండి. నాలుగు పోర్టుల హబ్‌కి గుచ్చారా? తీసి నేరుగా పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. బయటి కరెంటు లేని హబ్ ఆ కాస్తనే అందరికీ పంచాలి.

నీలం రంగు నాలుక ఉన్న 3.0 పెన్‌డ్రైవ్‌లతో ఇంకో తమాషా ఉంది. వాటిలో పాత నాలుగు పట్టీలతో పాటు లోపల ఇంకో అయిదు ఉంటాయి. 3.0 మాటలు వేరే తీగల మీద నడుస్తాయన్నమాట. అందుకని నీలం పోర్టులో రానిది నల్ల పోర్టులో రావచ్చు, నల్లదాంట్లో రానిది నీలంలో రావచ్చు. మెల్లగా భయం భయంగా గుచ్చితే పాత పట్టీలు ముందు తగిలి 2.0 వేగంతోనే కనెక్ట్ అయిపోతుంది కూడా. కాపీ నత్తనడక నడుస్తుంటే ఒకసారి తీసి, గబుక్కున పెట్టి చూడండి.

డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమనే సలహా కూడా ఈ గుమ్మానికి సంబంధించిందే. అదే పెన్‌డ్రైవ్ వేరే సిస్టమ్‌లో చక్కగా వచ్చి, మీ దాంట్లో మాత్రమే రాకపోతే అప్పుడు చేయండి. డివైస్ మేనేజర్లో దాని మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్, తీసి మళ్లీ పెట్టడం. ఎక్కడ పెట్టినా రానిదానికి డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఒకటే.

ఒక మినహాయింపు ఉంది. ఆఫీసు లాప్‌టాప్‌లో మౌస్ పనిచేస్తూ పెన్‌డ్రైవ్ మాత్రం రాకపోతే, చాలావరకు అది కంపెనీ ఐటీ వాళ్లు కావాలని కట్టేసిందే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఇంట్లో వాళ్లకే చెప్పాలి: "నీ లాప్‌టాప్ పాడైంది" అని ఊరికే కంగారు పడుతుంటారు.

పేరు చెప్పింది, లోపల ఏమీ లేదంటోంది

ఇది చూడ్డానికి చిన్నదిగా ఉంటుంది, నిజానికి అన్నిటికంటే పెద్ద జబ్బు. పెన్‌డ్రైవ్‌కి అక్షరం వస్తుంది, ఐకాన్ కనిపిస్తుంది. దాని మీద నొక్కితే "ప్లీజ్ ఇన్‌సర్ట్ ఎ డిస్క్" అంటుంది. డిస్క్ లోపల పెట్టే ఉంది కదా మహాప్రభో అనిపిస్తుంది. స్టార్ట్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే దాని ఎదురుగా 'నో మీడియా' అని ఉంటుంది. సైజు సున్నా.

పెన్‌డ్రైవ్‌లో ముఖ్యమైన చిప్‌లు రెండు. ఒకటి డేటా దాచే ఫ్లాష్ మెమరీ. 1980ల్లో జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసుఒకా కనిపెట్టిన పద్ధతి అది. చిన్న చిన్న గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి ఉంచడం. రెండోది కంట్రోలర్. కంప్యూటర్ మాట్లాడేదంతా ఈ కంట్రోలర్‌తోనే, మెమరీతో నేరుగా ఎప్పుడూ మాట్లాడదు.

కంట్రోలర్‌కి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఫ్లాష్ గదులు అరిగిపోతాయి. ఒకే గదిలో మళ్లీ మళ్లీ రాసి చెరిపితే అది పనికిరాకుండా పోతుంది. అందుకని కంట్రోలర్ మీ ఫైళ్లని ఒకచోట కుదురుగా ఉంచదు, తిప్పుతూ ఉంటుంది. అద్దె ఇళ్లు మారే కుటుంబాల్లాగా. ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో పాత పోస్ట్‌మ్యాన్‌కి మాత్రమే తెలుసు. ఆ పోస్ట్‌మ్యాన్ దగ్గరున్న చిట్టా కూడా అదే ఫ్లాష్‌లో ఒక మూల రాసి ఉంటుంది. ఆ చిట్టా తిరగరాస్తున్న క్షణంలో మీరు పెన్‌డ్రైవ్ లాగేస్తే? ఇళ్లన్నీ ఉంటాయి, అడ్రసులు మాత్రం పోతాయి. అప్పుడు కంట్రోలర్ తనకి పుట్టుకతో ఉన్న కాస్త తెలివితో లేచి పేరు మాత్రం చెప్పగలుగుతుంది. కొన్నిసార్లు ఆ పేరు కూడా మీ బ్రాండుది కాదు, చిప్ కంపెనీది కనిపిస్తుంది.

ఈ దశలో ఉన్నదాన్ని ఫార్మాట్ చేయడం, చెక్ చేయడం విండోస్ వల్ల కాదు. దాని దృష్టిలో అక్కడ డిస్కే లేదు. నెట్‌లో ఒక్కో కంట్రోలర్‌కీ ఫ్యాక్టరీ టూల్స్ దొరుకుతాయి, యూట్యూబ్‌లో "చచ్చిన పెన్‌డ్రైవ్‌కి ప్రాణం" అని చూపిస్తారు. అవి నిజంగానే పనిచేస్తాయి, కాకపోతే పాత చిట్టా చెరిపేసి కొత్తది రాస్తాయి. పెన్‌డ్రైవ్ బతుకుతుంది, ఫొటోలు పోతాయి. లోపలున్నది ముఖ్యమైతే వాటి జోలికి వెళ్లకండి. ఫ్లాష్ చిప్‌ని విడిగా చదివే డేటా రికవరీ వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, "ఇంతవరకూ ఎవరూ ఏమీ చేయలేదు" అని చెప్పగలిగే స్థితిలో. ఆ పనికి పెన్‌డ్రైవ్ ధరకి ఎన్నో రెట్లు అడుగుతారు. లోపలున్నవి సినిమాలైతే పడేసి కొత్తది కొనుక్కోవడమే నయం.

కంట్రోలర్‌దే ఇంకో వేషం రైట్ ప్రొటెక్ట్. ఫైళ్లు తెరుచుకుంటాయి, కొత్తవి ఎక్కవు, పాతవి చెరగవు. పక్కన తాళం మీట లేదు, విండోస్‌లో రీడ్ ఓన్లీ తీసేసినా మళ్లీ అదే పాట. గదులు అరిగిపోయాయని కంట్రోలరే రాత మానేసిందన్నమాట. ఇది ఒకరకంగా అది మనకి చేసే ఆఖరి ఉపకారం. ఆ రోజే మొత్తం కాపీ చేసుకోండి.

ఆ ఫార్మాట్ బటన్ నొక్కకండి

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సైజు సరిగ్గా చూపిస్తోందంటే కరెంటు, పరిచయం, మెమరీ మూడు గుమ్మాలూ దాటినట్టే. టెన్షన్ సగం తగ్గించుకోవచ్చు. ఇక మిగిలింది రాతకోతల వ్యవహారం.

అక్కడ 'రా' (RAW, అంటే ఏ ఫైల్ సిస్టమో విండోస్‌కి తెలియలేదని) అని కనిపించి, తెరవబోతే "వాడే ముందు ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగిందనుకోండి. పక్కనే ఫార్మాట్ డిస్క్ అని ఆహ్వానిస్తూ బటన్ ఉంటుంది. నా లెక్కలో కంప్యూటర్ చరిత్రలో ఇన్ని పెళ్లిళ్లని చెరిపేసిన బటన్ ఇంకోటి లేదు. ఫైల్ సిస్టమ్ అంటే పుస్తకానికి ముందుండే విషయసూచిక లాంటిది. ఆ మొదటి పేజీ చిరిగిందని పుస్తకం మొత్తం పోయినట్టు కాదు. విండోస్‌కి సూచిక కనపడక కొత్త పుస్తకం ఇమ్మంటోంది, అంతే. క్యాన్సిల్ నొక్కి, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికితే చాలాసార్లు ఫైళ్లు దొరుకుతాయి. దొరికినవి అదే పెన్‌డ్రైవ్‌లోకి కాదు, హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాలి.

పొరపాటున ఇప్పటికే ఫార్మాట్ కొట్టేశారా? క్విక్ ఫార్మాట్ అయితే సూచిక మాత్రమే కొత్తది, పేజీలు ఇంకా ఉన్నట్టే, మీరు వాటి మీద వేరేది రాయనంత వరకు. క్విక్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేసి ఉంటే, విండోస్ విస్టా నుంచీ అది మొత్తం సున్నాలు రాసేస్తుంది. ఆ తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు.

ఫార్మాట్ అడిగిన ప్రతి పెన్‌డ్రైవూ పాడైంది కాదు. అమెరికా నుంచి వచ్చిన బావగారు మ్యాక్‌లో సిద్ధం చేసి ఇచ్చింది విండోస్‌కి పెట్టినా ఇదే అడుగుతుంది. మ్యాక్ వాడే ఏపీఎఫ్ఎస్, లినక్స్ వాడే ఎక్స్‌ట్4 విండోస్‌కి తెలియని లిపులు. లిపి రానివాడు "ఇందులో ఏమీ రాసి లేదు, తుడిచేయనా?" అన్నట్టు. అది ఏ సిస్టమ్‌లో తయారైందో అక్కడే తెరిచి, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఇంకో పెన్‌డ్రైవ్ చేసుకుంటే రెండు వైపులా నడుస్తుంది.

32 జీబీ పెన్‌డ్రైవ్ హఠాత్తుగా చిన్నదైపోయి, మిగతా భాగం 'అన్‌అలొకేటెడ్' అని నల్లగా కనిపిస్తే, ఎవరో దాని మీద విండోస్‌నో లినక్స్‌నో ఇన్‌స్టాల్ చేసే బూటబుల్ ఇమేజ్ రాసి ఉంటారు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో క్లీన్ కొట్టి మళ్లీ ఫార్మాట్ చేస్తే పూర్తి సైజు వస్తుంది. అక్కడ డిస్క్ నంబరు రెండుసార్లు చూసుకోండి, పొరపాటున మీ ఇంకో హార్డ్ డిస్క్ నంబరు ఇస్తే దాన్నైనా అడక్కుండానే తుడిచేస్తుంది. అంతా 'హెల్దీ' అని ఉండి అక్షరం ఒక్కటే లేకపోతే రైట్ క్లిక్ కొట్టి ఒక అక్షరం ఇస్తే సరిపోతుంది. అన్నిటికంటే సులువైన జబ్బు ఇదే.

జిరాక్స్ షాపు నుంచి వచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం మన ఊళ్లలో ఇంకా చూస్తూనే ఉన్నాం. ఫైళ్లు ఎక్కడికీ పోవు. వైరస్ వాటికి హిడెన్, సిస్టమ్ అనే ముద్రలు వేసి దాచేసి, అదే పేరుతో నకిలీ షార్ట్‌కట్ పెడుతుంది. దాన్ని నొక్కామా, మన సిస్టమ్‌లోకీ దూరుతుంది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇంకా ముదురు, షార్ట్‌కట్ ఐకాన్ కంటికి కనపడితే చాలు, నొక్కకపోయినా దూరేది. ముందు స్కాన్ చేసి, తర్వాత అట్రిబ్ కమాండ్‌తో ఆ ముద్రలు తీసేస్తే ఫోల్డర్లు బయటికొస్తాయి. ఇక్కడ ఫార్మాట్ చేయడమంటే ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టడమే.

కొన్ని పెన్‌డ్రైవ్‌లకి మాత్రం వైద్యం లేదు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే 2 టీబీ అని అమ్మేవి చూసే ఉంటారు. లోపలుండే మెమరీ చాలా కొంచెం, కంట్రోలర్‌కి మాత్రం 2 టీబీ అని అబద్ధం నేర్పి పంపుతారు. అసలు సామర్థ్యం నిండేదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత రాసింది గాల్లో కలుస్తుంది, కాదంటే పాతదాని మీదే పడుతుంది. సూచిక చెడి ఒకరోజు 'రా' అయి కూర్చుంటుంది. కొత్తది కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో గానీ, లినక్స్ వాళ్లయితే ఎఫ్3తో గానీ నిండా రాసి, తిరిగి చదివించి చూస్తే నిజం బయటపడుతుంది.

మళ్లీ టీవీ దగ్గరికి

పిన్ని పెన్‌డ్రైవ్‌కి సోల్డర్ పడ్డాక మొత్తం లాప్‌టాప్‌లోకి, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాత వాళ్లింటికెళ్లి టీవీకి పెట్టాను. మళ్లీ రాలేదు. ఈసారి మూతి గట్టిగా ఉంది, లైటు వెలుగుతోంది, లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. లాప్‌టాప్‌కి పెట్టి ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఫ్యాట్ అని ఉంది. వీడియో తీసినాయన అలా ఇవ్వడంలో తప్పేం లేదు. ముహూర్తం వీడియో ఒక్కటే 11 జీబీ, ఫ్యాట్32 అనే పాత ఫైల్ సిస్టమ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. వాళ్ల పాత టీవీకి ఎక్స్‌ఫ్యాట్ రాదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌ చదువుతుందని దాని మాన్యువల్‌లో రాసుంది. చాలా కార్ స్టీరియోలు అయితే ఫ్యాట్32 తప్ప ఇంకేదీ ముట్టుకోవు.

ఇంకో పెన్‌డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసి వీడియో ఎక్కించాక టీవీలో వచ్చింది. అప్పుడు బాబాయి మెల్లగా అసలు సంగతి చెప్పాడు. మొదటిరోజు టీవీలో రాకపోయేసరికి సరిగ్గా దిగలేదనుకున్నాడట. టీవీ గోడకి ఆనుకుని ఉంటుంది, వెనక చెయ్యి పట్టదు. రెండుసార్లు బొటనవేలితో అదిమి, పక్కకి తిప్పి, గట్టిగా నొక్కాడట. చివరికి టీవీనే గోడవైపు జరిపాడట.